పూత మీద మందు చల్లే ముందు

 

దివ్య ఖుర్ఆన్‌లోని 16వ సూరా పేరు అన్-నహ్ల్. అంటే తేనెటీగ. ఆ సూరాలోని 68, 69 ఆయత్‌లు మనం తరచుగా వినేవే. తేనె సీసా మీద కూడా కొందరు వ్యాపారులు వాటిని అచ్చు వేయిస్తూ వుంటారు. తేనెలో ప్రజలకు స్వస్థత వున్నదన్న మాట అక్కడే వచ్చింది. అయితే ఆ మాట ఆయత్ చివరలో వచ్చింది. దానికి ముందు అల్లాహ్ తేనెటీగకు ఏమి ఆజ్ఞాపించాడో మనలో ఎంతమంది గమనించారు?

మొదట ఇల్లు. కొండలలోనూ, చెట్లలోనూ, మానవులు కట్టే పందిళ్ళు, కట్టడాలలోనూ ఇళ్ళు ఏర్పరచుకోమని ఆయన ఆ ప్రాణికి ప్రేరణ కలిగించాడు. తరువాత ఆహారం. అన్ని రకాల ఫలాల నుండీ తినమన్నాడు. ఆ తరువాత దారి. నీ ప్రభువు సుగమం చేసిన మార్గాలలో నడువుమన్నాడు. ఇవన్నీ అయ్యాకే దాని కడుపు నుండి రకరకాల రంగుల పానీయం వెలువడుతుందని తెలిపాడు. ఇక్కడ వాడబడిన పదం ‘వహీ’. ప్రవక్తల మీద అవతరించే వహీ వేరు, ప్రాణి స్వభావంలో పెట్టబడిన ఈ ప్రేరణ వేరు అని వ్యాఖ్యాతలు స్పష్టంగా చెప్పారు. అయినా ప్రభువు ఆ పదాన్ని ఒక ఈగ విషయంలో వాడటం సామాన్యమైన గౌరవం కాదు. (ఆ ఆయత్‌లలోని క్రియలు స్త్రీలింగంలో వున్నాయనీ, పనిచేసే ఈగలన్నీ ఆడవేననీ కొందరు వక్తలు ఎంతో ఉత్సాహంగా చెబుతారు. ఆ ఈగలు ఆడవన్నది నిజమే. కాని అరబీలో ‘నహ్ల్’ అన్న పదాన్ని స్త్రీలింగంగా వాడటం వున్నదే. ఆయత్ గొప్పతనం దాని మీద ఆధారపడి లేదు.)

ఇల్లు, ఆహారం, దారి - ఈ మూడూ అల్లాహ్ ఆ ప్రాణికి రాసి ఇచ్చిన హక్కులు. నేడు మన పొలాల్లో ఈ మూడింటి గతి ఏమయిందన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న విషయం.

మదీనా రైతుల సంగతితో మొదలుపెడదాము. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు అక్కడి ప్రజలు ఖర్జూరపు మగ చెట్టు పూతను తెచ్చి ఆడ చెట్టు పూతలో చేర్చడం చూశారు. అలా చేయకపోతే మంచిదేమో అని ఆయన అన్నారు. వారు మానేశారు. ఆ ఏడు కాపు తగ్గింది. విషయం తెలిశాక, తాను చెప్పింది కేవలం ఒక అభిప్రాయమనీ, మీ ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసుననీ ఆయన సెలవిచ్చారు. సహీహ్ ముస్లింలో ఈ ఉల్లేఖనం వుంది. ధర్మానికీ, వృత్తి నైపుణ్యానికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పడానికి పండితులు దీన్ని ఉదహరిస్తారు. అది సరైనదే. కాని ఒక రైతు దీన్ని చదివితే మరొకటి కూడా కనబడుతుంది. పుప్పొడి చేరకపోతే కాయ లేదు. గాలి చేయాలి, లేదా ఏదైనా ప్రాణి చేయాలి, లేదా మనిషే నిచ్చెన వేసుకొని చెట్టెక్కి చేయాలి.

మన ప్రాంతంలో ప్రొద్దుతిరుగుడు వేసినవారికి ఈ పని తెలుసు. చేనులో తేనెటీగలు చాలినన్ని లేకపోతే, పూలు విచ్చిన రోజుల్లో ఉదయం పూట మెత్తని గుడ్డ చేతికి చుట్టుకొని, ఒక్కొక్క పువ్వునూ మృదువుగా రుద్దుకుంటూ పోవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు సలహా ఇస్తారు. లేకపోతే పువ్వు నడిమి భాగంలో గింజలు తాలుపోతాయి. ఒక ఎకరంలో వేల పూలు వుంటాయి. అది కూలి ఇచ్చి చేయించుకునే పని. అదే పని ఈగలు ఉచితంగా చేసేవి. ఏనాడూ మనం వాటికి కూలి లెక్క కట్టలేదు.

ఇంటి పెరట్లో బీర, సొర, గుమ్మడి పాదులు పెట్టే మన సోదరీమణులకూ ఇది అనుభవమే. పాదు నిండా పూలుంటాయి, పిందె కనబడుతుంది, నాలుగు రోజులకు పండుబారి రాలిపోతుంది. నజర్ తగిలిందని అనుకుంటాము. నజర్ వాస్తవమేనని హదీసులో వుంది, దానిని కాదనడం లేదు. కాని ఈ తీగల్లో మగపూలు వేరు, ఆడపూలు వేరు. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వు మీదికి ఏ ప్రాణీ మోసుకురాకపోతే పిందె నిలవదు. గుమ్మడి పొద్దుటే విచ్చుకుంటుంది, దానికి తేనెటీగలు కావాలి. సొర, బీర సాయంత్రం విచ్చుకుంటాయి. సొరకు రాత్రి తిరిగే రెక్కల పురుగులు కూడా సేవ చేస్తాయి.

తేనెటీగ అనగానే మనకు పెట్టెల్లో పెంచే ఈగ, లేదా మర్రికొమ్మకు వేలాడే పెద్ద పట్టు గుర్తుకు వస్తాయి. కాని ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులున్నాయి. వాటిలో అత్యధిక భాగం గుంపుగా వుండవు, మనకు తేనె ఇవ్వవు. ఒంటరి తల్లి ఈగ పొలం గట్టు మట్టిలో పెన్సిలు పట్టేంత బొరియ తవ్వి, పుప్పొడి ముద్ద చేసి పెట్టి, దానిమీద ఒక గుడ్డు పెట్టి, నోటితో మన్ను పూడ్చి వెళ్ళిపోతుంది. పిల్ల బయటికి వచ్చేసరికి తల్లి బ్రతికి వుండదు. నల్లగా, లావుగా, ఝుమ్మని తిరిగే తుమ్మెదను చూడండి. ఎండిన కొయ్యలోనో, వెదురులోనో అది ఇల్లు చేసుకుంటుంది. వంగ, టమాటా పూలలో పుప్పొడి సన్నని గొట్టాలలో బిగించబడి వుంటుంది. తుమ్మెద ఆ పువ్వును కాళ్ళతో పట్టుకొని తన ఒంటిని అదిరిస్తుంది. అప్పుడు పుప్పొడి జలజలా రాలుతుంది. పెట్టెలో పెంచే తేనెటీగకు ఈ విద్య రాదు. కనుక పది పెట్టెలు కొని తెచ్చి పెట్టినంత మాత్రాన తుమ్మెద లోటు తీరదు.

ఈగలే కాదు. మామిడి పూతను కాయగా మార్చడంలో మనం అసహ్యించుకునే సాధారణ ఈగల పాత్ర చాలా వుంది. ఆయిల్‌పామ్ సంగతి మరీ ఆశ్చర్యకరం. మలేషియా తోటల్లో పూర్వం కూలీలు చేతులతో పుప్పొడి చల్లేవారు. పాకిస్తాన్‌కు చెందిన కీటక శాస్త్రవేత్త డాక్టర్ రహ్మాన్ సయ్యద్ ఆఫ్రికాలోని కామెరూన్‌లో పరిశీలించి, అక్కడ ఆ పనిని ఒక చిన్న ముక్కుపురుగు చేస్తున్నదని నిరూపించారు. 1981లో ఆ పురుగును మలేషియా తోటల్లో వదిలారు. చేతి పని అవసరం లేకుండా పోయింది. తరువాత దానిని మన దేశానికీ తెచ్చారు. గోదావరి జిల్లాల ఆయిల్‌పామ్ గెలలను నింపుతున్నది ఆ ముక్కుపురుగు సంతతే.

2016లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని నిపుణుల సంఘం ఒక నివేదిక ఇచ్చింది. ప్రపంచంలోని ముఖ్య ఆహార పంటల రకాలలో నూటికి 75కు పైగా ఎంతో కొంత మేరకు ఇలాంటి ప్రాణుల మీద ఆధారపడుతున్నాయని అది తేల్చింది. వరి, గోధుమ, జొన్న వంటివి గాలితోనో, తమంతట తామో గింజ కడతాయి. కనుక తేనెటీగ పోతే మానవజాతి మరునాడే ఆకలితో చస్తుందనే మాట అతిశయోక్తి. పోయేది పండ్లు, కూరగాయలు, నూనెగింజలు, పప్పులలో ఒక పెద్ద భాగం. పేదవాడి పళ్ళెంలో అన్నం వుంటుంది, దాని పక్కన కూర వుండదు.

ఇక మందు సంగతి. విషానికి మన భాషలో ‘పురుగుల మందు’ అని పేరు పెట్టుకున్నాము. పేరు మందు కావడం వల్ల చేయి జంకదు. పత్తిలో, మిరపలో రసం పీల్చే పురుగుల కోసం ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ అనే మందులు విస్తారంగా వాడుతున్నారు. విత్తనానికి పట్టించినా ఇవి మొక్క ఒంటి నిండా పాకి, పువ్వులోని తేనెలోకీ, పుప్పొడిలోకీ చేరగలవు. ఈ రెండింటితో పాటు అదే తరగతికి చెందిన మరొక మందును ఆరుబయట పొలాల్లో వాడరాదని యూరప్ దేశాల కూటమి 2018లో నిషేధించింది. మన దేశంలో అటువంటి నిషేధం లేదు.

ఈ మందు తక్కువ మోతాదులో తగిలితే తేనెటీగ వెంటనే చావదు. 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఈగల వీపుకు అతి చిన్న గుర్తులు అంటించి, థయామిథాక్సామ్ కలిపిన తీపినీరు తాగించి, దూరంగా వదిలిపెట్టారు. మామూలు ఈగల కన్నా ఇవి చాలా ఎక్కువ సంఖ్యలో ఇల్లు చేరలేకపోయాయి. దారి తప్పిపోయాయి. సోదరులారా! నీ ప్రభువు సుగమం చేసిన మార్గాలలో నడువుమని ఎవరికి ఆజ్ఞ అయిందో ఆ ప్రాణి, మనం చల్లిన దానివల్ల ఆ మార్గాన్నే మరచిపోతున్నది. ఈ వార్త చదివిన తరువాత ఆ ఆయత్‌ను తిలావత్ చేసే విశ్వాసి మనసు కదలకుండా ఎలా వుంటుంది?

“పంట పోతే నా అప్పు ఎవరు తీరుస్తారు?” అని రైతు సోదరుడు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. అరక కట్టని నాబోటివాడు పట్టణంలో కూర్చొని దానికి తేలికగా జవాబు చెప్పడం తగదు. షరీయత్ రైతు చేతులు కట్టివేయలేదు. హాని చేసే పురుగును చంపడానికి అనుమతి వుంది. హద్దు ఎక్కడన్నదే ప్రశ్న. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో వుంది. పూర్వం ఒక ప్రవక్తను ఒక చీమ కుట్టింది. ఆయన ఆ చీమల పుట్టనంతా కాల్పించారు. కుట్టింది ఒక చీమ కాగా, అల్లాహ్‌ను స్తుతించే ఒక సమాజాన్నే దహింపజేశావా, ఆ ఒక్క చీమతో ఎందుకు సరిపెట్టలేదు అని అల్లాహ్ మందలించాడు. ‘సమాజం’ అన్న మాట గమనించండి. సూరా అల్ అన్ఆమ్ 38వ ఆయత్‌లో కూడా నేలమీద నడిచే ప్రాణులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీలాంటి సమాజాలేనని చెప్పబడింది. ఒక ప్రవక్తకే ఆ మందలింపు వచ్చినప్పుడు, కాయ తొలిచే పురుగు ఒకటైతే చేనులోని సమస్త ప్రాణినీ చంపే మనకు ఏ మినహాయింపు వుంది? ఇబ్ను అబ్బాస్ (రజి) కథనం ప్రకారం దైవప్రవక్త (స) నాలుగు ప్రాణులను చంపరాదని వారించారు. చీమ, తేనెటీగ, హుద్‌హుద్ పక్షి, సురద్ అనే పక్షి. అబూదావూద్, ఇబ్ను మాజా గ్రంథాలలో ఈ హదీసు నమోదయింది.

కనుక ఆ ఒక్క చీమను మాత్రమే పట్టే ఉపాయం చేయాలి. లింగాకర్షక బుట్టలు, పసుపు రంగు జిగురు అట్టలు, వేపగింజల కషాయం - ఇవన్నీ ఆ కోవలోనివే. మందు తప్పదనుకున్నప్పుడు కూడా పూత విచ్చి వున్న రోజుల్లో చల్లకూడదు. మామిడిలో తేనెమంచు పురుగుకు చేసే పిచికారీ పూత విచ్చకముందే ముగించుకోవాలి. ఏ మందయినా పొద్దు వాలి, ఈగలు ఇల్లు చేరాక చల్లాలి. ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు లేదు. చుట్టుపక్కల పెట్టెలు పెట్టినవారుంటే ముందు రోజే కబురు చేయాలి. వారు రాత్రికి పెట్టెల ద్వారాలు మూసుకుంటారు. గట్టులోని ఒంటరి ఈగకు కబురు చేసేవారు లేరు. దాని కోసం సాయంత్రం వరకు ఆగడమొక్కటే మార్గం.

మందుల దుకాణాలు నడిపే సోదరులు మనలో చాలామంది వున్నారు. పొలం చూడకుండా, పురుగు చూడకుండా మూడు డబ్బాలు కలిపి కొట్టమని చెప్పి, అప్పు ఖాతాలో రాసుకోవడం వ్యాపారం కాదు. సలహా అమానతు. నమ్మి వచ్చినవాడికి అవసరం లేని విషాన్ని అంటగట్టడం మోసమే అవుతుంది.

పొరుగువాని హక్కు కూడా ఇందులో వుంది. తేనెటీగకు సర్వే నంబర్లు తెలియవు. నా పత్తిలో విషం తిన్న ఈగ పక్క చేనులోని దోసపాదుకు వెళ్ళవలసిన ఈగ. పొరుగు రైతు ఆ ఏడు కాపు తగ్గితే విత్తనాన్ని తిడతాడు. నా మీద కేసు పెట్టలేడు, ఎందుకంటే అతనికి తెలియదు. అల్లాహ్‌కు తెలుసు. హాని చేయరాదు, హానికి ప్రతిగానూ హాని చేయరాదు అన్న ప్రవచనాన్ని ఫుఖహాలు ఒక మూలసూత్రంగా స్వీకరించారు. గోడలు, కాలువలు, కిటికీల తగవులలో దాన్ని వర్తింపజేశారు. పూత మీద చల్లిన విషానికి అది వర్తించదని ఎవరనగలరు?

ఇల్లు అన్న మాట కూడా చూద్దాము. ఊరి నీళ్ళ ట్యాంకుకో, మస్జిదు మినారుకో పెద్ద పట్టు కనబడగానే కాగడా కట్టి రాత్రికి రాత్రి కాల్చేయడం మనకు అలవాటయింది. పిల్లలకు ప్రమాదం అనే భయం నిజమైనదే. పెద్ద ఈగలు రేగితే ప్రాణాపాయం కూడా. కాని అవి చాలాచోట్ల పూల కాలం అయిపోగానే వాటంతట అవే లేచిపోతాయి. దారి మళ్ళించి, కొన్ని వారాలు ఓపిక పడితే సరిపోయే సందర్భాలే ఎక్కువ. తప్పనిసరైతే చంపకుండా తరలించే పనివారు దొరుకుతారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) షామ్ దేశానికి సైన్యాన్ని పంపుతూ సేనాని యజీద్ బిన్ అబీ సుఫ్యాన్‌కు పది ఆదేశాలు ఇచ్చారు. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దన్నారు. కాపుకాసే చెట్లను నరకవద్దన్నారు. ఇమామ్ మాలిక్ ముఅత్తాలోని కథనంలో తేనెటీగలను కాల్చవద్దన్న మాట కూడా వుంది. యుద్ధానికి పోయే సైన్యానికి ఆ నిబంధన. మినారు కింద వుజూ చేసేవారికి అంతకన్నా పెద్ద అవసరం ఏముంటుంది?

ఇక్కడ ఒక విశేషాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. చాలామందికి తెలియదు. బనూ ముత్ఆన్ తెగకు చెందిన హిలాల్ అనే వ్యక్తి తన తేనెలో పదో వంతు తీసుకొని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చాడు. సలబా అనే లోయను తన కోసం రక్షిత ప్రదేశంగా ప్రకటించమని కోరాడు. ఆయన (స) ఆ లోయకు రక్షణ కల్పించారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో అక్కడి అధికారి దీని గురించి రాసి అడిగాడు. హిలాల్ దైవప్రవక్త (స)కు చెల్లించిన ఆ పదో వంతు ఇప్పుడూ చెల్లిస్తూ వుంటే సలబాను అతని కోసం కాపాడు, లేకపోతే అవి వానను వెంబడించే ఈగలే, ఇష్టమైనవారు తింటారు అని ఉమర్ (రజి) జవాబు రాశారు. అబూదావూద్‌లో జకాత్ అధ్యాయంలో ఇది వుంది. తేనె మీద ఉష్ర్ విధియా కాదా అన్న విషయంలో ఇమాములలో భేదాభిప్రాయం వుంది. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ అహ్మద్ విధి అంటారు. ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ కాదంటారు. ఆ చర్చను పక్కన వుంచి చూసినా ఒక సంగతి మిగులుతుంది. అడవి తేనెటీగలు మేసే ఒక లోయకు ప్రభుత్వ రక్షణ ఇవ్వడం మదీనా ఇస్లామీయ పరిపాలనలో జరిగిన విషయం. వానను వెంబడించే ఈగలు అన్న మాటలోనే వాటి జీవితమంతా వుంది. వాన ఎక్కడ పడితే అక్కడ పువ్వు, పువ్వు ఎక్కడుంటే అక్కడ అవి.

మనకు లోయలు లేవు. గట్లున్నాయి. కాని గట్టును కూడా చదును చేసి నాలుగు సాళ్ళు ఎక్కువ వేయాలన్న ఆశ, మిగిలిన గడ్డి మీద గ్లైఫోసేట్ చల్లాలన్న తొందర వాటిని మాయం చేస్తున్నాయి. గడ్డి చేమంతి, తుమ్మి వంటివి రైతు కంటికి కలుపే. పంటకు పూత లేని నెలల్లో ఈగను బ్రతికించేవి మాత్రం అవే. ఒక్క గట్టును దున్నకుండా, మందు తగలకుండా వదిలితే నేలలో గూడు చేసే ఈగకు ఇల్లు మిగులుతుంది. దాని మీద కానుగ, రేగు, మునగ, నేరేడు వంటి చెట్టు ఒకటి రెండు వుంటే మేత దొరుకుతుంది. ముస్లిం నాటిన మొక్క నుండి, వేసిన పంట నుండి పక్షిగాని, మనిషిగాని, పశువుగాని తింటే అది అతనికి సదఖా అవుతుందని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు మనకు తెలిసిందే. కౌలు రైతుకు చెట్టు నాటే స్వేచ్ఛ వుండదు. అది భూయజమాని చేయవలసిన పని.

పొలం లేనివారి విషయం ఏమిటి? మన ఊళ్ళలో నాగలి పడని నేల ఎక్కడ మిగిలింది? చాలాచోట్ల అది ఖబరస్తాన్. పాత వేపలు, చింతలు, తొర్రలు, తవ్వని మన్ను, కోయని గడ్డి అక్కడే వున్నాయి. ఊరి పొలాలన్నిటికీ అక్కడి నుండే ఈగలు బయలుదేరుతాయంటే ఆశ్చర్యం లేదు. షబె బరాత్ దగ్గరపడగానే శుభ్రత పేరుతో కలుపు మందు డబ్బాలు తెచ్చి ఆ నేలనంతా మాడ్చివేయడం కొన్ని సంవత్సరాలుగా మొదలయింది. పని తొందరగా అయిపోతుంది, కూలి మిగులుతుంది. కాని దైవప్రవక్త (స) రెండు సమాధుల మీద పచ్చి ఖర్జూరపు మట్టను చీల్చి నాటి, అవి ఎండనంత వరకు వారి శిక్ష తేలిక కావచ్చునని అన్న హదీసు బుఖారీలో వుంది కదా! పచ్చని మొక్క అల్లాహ్‌ను స్తుతిస్తూ వుంటుందన్న భావంతోనే మన హనఫీ ఫుఖహాలు ఖబరస్తాన్‌లోని పచ్చి గడ్డిని, మొక్కలను కోయడం మక్రూహ్ అన్నారు. అల్లామా ఇబ్ను ఆబిదీన్ తన రద్దుల్ ముహ్తార్‌లో ఈ మస్అలాను పేర్కొన్నారు.

ఈసారి ఖబరస్తాన్ కమిటీ సమావేశంలో పెద్దలు ఈ విషయాన్ని ముందు పెట్టాలి. జనాజా వెళ్ళే దారి, కొత్త ఖబరు తవ్వే చోటు కొడవలితో బాగుచేసుకోవచ్చు. ముళ్ళకంపను తీసివేయవచ్చు. ప్రహరీ వెంట పెరిగిన దానిని పూత ముగిసేదాకా వుంచవచ్చు. ఎండిన గడ్డిని కోయడంలో మాత్రం అభ్యంతరం లేదని పైన చెప్పిన గ్రంథంలోనే వుంది.